హిమపాత సూచన - గుల్‌మర్గ్ కొండ నేర్పే పాఠం

తెలుగులో ‘మంచు’ అన్న మాట ఒక్కటే. అది మోసే అర్థాలు మాత్రం అనేకం. ధనుర్మాసపు వేకువలో గడ్డిపోచ కొనన నిలిచే బిందువును మంచు అంటాము. రైళ్ళను గంటల కొద్దీ ఆలస్యం చేసే పొగను పొగమంచు అంటాము. మన్యంలోని లంబసింగిలో చలి ముదిరిన రాత్రి ఆకుల మీద తెల్లగా పేరుకొనేదీ మనకు మంచే. హిమాలయ శిఖరాల మీద దూదిపింజల వలె రాలేదీ మంచే. ఉర్దూలోని ‘బర్ఫ్’ అన్న మాట కూడ ఇటువంటిదే. షర్బత్ గ్లాసులో వేసుకొనే గడ్డకూ, కొండమీద కురిసే పువ్వుకూ అదే పేరు. కాశ్మీరీలు మాత్రం ఆకాశం నుండి కురిసే మంచును ‘శీన్’ అని ప్రత్యేకంగా పిలుచుకొంటారు. ఏ వస్తువుతో బ్రతుకు ముడిపడి ఉంటుందో ఆ వస్తువుకు భాషలో విడిగా పేరు ఏర్పడుతుంది.

మన వార్తాపత్రికలలో మరొక చిక్కు కనిపిస్తుంది. మంచు కురవడాన్ని ‘హిమపాతం’ అంటారు. కొండవాలు నుండి మంచు పెళ్ళలు విరిగి మనుషుల మీద పడడాన్ని కూడ ‘హిమపాతం’ అనే వ్రాస్తారు. ఒకటి పండుగ, రెండవది మృత్యువు. ఈ వ్యాసంలో మొదటిదానిని హిమపాతమనీ, రెండవదానిని మంచుచరియ అనీ వేరుచేసి చెప్పుకొందాము. ఈ రెంటికీ ఉన్న సంబంధమే ఈ వ్యాసానికి విషయం.

“రేపు గుల్‌మర్గ్‌లో ముప్పది సెంటీమీటర్ల మంచు కురుస్తుంది” అన్న కబురు విన్నప్పుడు మైదానంలో పుట్టి పెరిగిన మనకు ఆనందమే కలుగుతుంది. కాని ఆ వాక్యంలో చెప్పినదాని కన్న చెప్పనిది ఎక్కువ. ఏ ఎత్తున ముప్పది సెంటీమీటర్లు? పొడి మంచా, తడి మంచా? గాలి ఎటు? అన్నిటికంటె ముఖ్యంగా, ఆ మంచు దేనిమీద పడబోతున్నది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే హిమపాత సూచనను చదవడం.

కొండ స్వరూపం

గుల్‌మర్గ్ జమ్ము-కాశ్మీరులోని బారాముల్లా జిల్లాలో, పీర్ పంజాల్ పర్వతశ్రేణి ఒడిలో ఉన్న పచ్చిక మైదానం. శ్రీనగర్ నుండి సుమారు 50 కిలోమీటర్ల దూరం. దీని పూర్వనామం గౌరీమార్గ్ అనీ, 16వ శతాబ్దంలో కాశ్మీరును పాలించిన యూసుఫ్ షా చక్ దీనికి గుల్‌మర్గ్, అనగా పూలమైదానం, అని పేరు పెట్టాడనీ చెబుతారు. వేసవి విడిదిగా వచ్చిన ఆంగ్లేయులు 1927లో ఇక్కడ స్కీ క్లబ్బును స్థాపించారు. పొడవైన పలకలను కాళ్ళకు బిగించుకొని మంచువాలుపై జారే క్రీడ పేరే స్కీయింగ్. నేడు భారతదేశంలో ఆ క్రీడకు ఇదే ప్రధాన క్షేత్రము.

పాఠకులు నాలుగు ఎత్తులను గుర్తుంచుకోవాలి. లోయలోని శ్రీనగర్ సముద్రమట్టానికి సుమారు 1,585 మీటర్ల ఎత్తున ఉన్నది. కొండ పాదంలోని టంగ్‌మర్గ్ సుమారు 2,150 మీటర్లు. గుల్‌మర్గ్ మైదానం సుమారు 2,650 మీటర్లు. అక్కడి నుండి తీగమార్గం రెండు అంచెలుగా పైకి సాగుతుంది. దీనిని అక్కడివారు గండోలా అంటారు. 1998లో ప్రారంభమైన మొదటి అంచె సుమారు 3,080 మీటర్ల ఎత్తున ఉన్న కోంగ్‌డూరి వరకు, 2005లో ప్రారంభమైన రెండవ అంచె అఫర్‌వట్ కొండ భుజం మీద సుమారు 3,950 మీటర్ల వరకు మనుషులను చేరవేస్తాయి. లోయ నుండి అఫర్‌వట్ భుజం వరకు రెండు కిలోమీటర్లకు పైగా నిలువెత్తు! ఒకే రోజున, ఒకే మబ్బు కింద, ఈ నాలుగు చోట్లా నాలుగు రకాల వాతావరణం ఉండడంలో వింత లేదు.

మబ్బు ఎక్కడి నుండి వస్తుంది?

మనకు వానలు తెచ్చేవి నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు. కాశ్మీరు శీతకాలపు మంచుకు మూలం వేరు. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టిన అల్పపీడన తరంగాలు, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పుకు అతివేగంగా వీచే జెట్ ప్రవాహాన్ని ఆశ్రయించి, ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా ప్రయాణించి వస్తాయి. దారిలో కాస్పియన్, అరేబియా సముద్రాల తేమను కూడగట్టుకొంటాయి. వాతావరణ శాస్త్రజ్ఞులు వీటిని పశ్చిమ విక్షోభాలు అంటారు. రేడియో వార్తలలో వినిపించే ‘వెస్టర్న్ డిస్టర్బెన్స్’ ఇదే. శీతకాలంలో సగటున నెలకు నాలుగైదు ఇట్టి విక్షోభాలు వస్తాయి. అన్నీ మంచు కురిపించవు. కొన్ని కేవలం మబ్బు పట్టించి వెళ్ళిపోతాయి.

ఆ తేమగాలికి పీర్ పంజాల్ అడ్డుగోడ. గోడను దాటడానికి గాలి పైకి లేవాలి; లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది; చల్లబడిన గాలి తేమను మోయలేక వదలివేస్తుంది. పడమటి కనుమలలో వానలు కురిసే సూత్రమే ఇక్కడ మంచును కురిపిస్తుంది. సాధారణంగా పైకి పోయిన కొద్దీ హిమపాతం పెరగడానికి కారణం ఇదే.

కాశ్మీరీలు శీతకాలాన్ని మూడు భాగాలు చేశారు. డిసెంబరు 21 నుండి నలుబది రోజులు ‘చిల్లై కలాన్’, తరువాత ఇరువది రోజులు ‘చిల్లై ఖుర్ద్’, చివరి పది రోజులు ‘చిల్లై బచ్చా’. నలుబది దినాల వ్యవధిని ‘చిల్లా’ అనడం ఉర్దూ చదివిన మిత్రులకు తెలిసినదే. కలాన్ అంటే పెద్ద, ఖుర్ద్ అంటే చిన్న అని తెలంగాణ గ్రామాల పేర్లు ఎరిగిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ విభజనకు శాస్త్రీయమైన విలువ కూడ ఉన్నది. చిల్లై కలాన్‌లో కురిసిన మంచు చలికి గట్టిపడి వేసవి దాకా నిలుస్తుంది. ఫిబ్రవరి చివరలో కురిసినది ఎండకు త్వరగా కరగిపోతుంది. కనుక ఎంత కురిసిందన్నదే కాదు, ఎప్పుడు కురిసిందన్నదీ లెక్కలోనికి వస్తుంది.

ఎత్తు లెక్క

సాధారణంగా ప్రతి వేయి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున తగ్గుతుంది. ఈ ఒక్క సూత్రంతో విద్యార్థి తానే ఒక ముతక సూచనను తయారుచేసుకొనవచ్చును.

మబ్బు కమ్మిన ఒక దినమున శ్రీనగర్‌లో 5 డిగ్రీలు ఉన్నదనుకొందాము. టంగ్‌మర్గ్ అంతకు 565 మీటర్లు పైన ఉన్నది, అక్కడ 3.7 డిగ్రీలు తగ్గి, సుమారు 1 డిగ్రీ ఉంటుంది. గుల్‌మర్గ్ 1,065 మీటర్లు పైన, 6.9 డిగ్రీలు తగ్గగా సున్నాకు దిగువన 2. అదే లెక్కన కోంగ్‌డూరిలో సున్నాకు దిగువన సుమారు 5, అఫర్‌వట్ మీద సుమారు 10 డిగ్రీలు. కావున లోయలో వాన, టంగ్‌మర్గ్‌లో రోడ్డు మీద బురదగా మారే తడి మంచు, గుల్‌మర్గ్‌లో మంచి మంచు, పైన పొడి పిండి వంటి మంచు. సున్నా డిగ్రీల ఎత్తు దగ్గరే మంచు ఆగిపోతుందని భావించరాదు. రేకులు పూర్తిగా కరగడానికి కొంత దూరం పట్టును గనుక, ఆ ఎత్తుకు రెండు మూడు వందల మీటర్ల దిగువ వరకు మంచు నేలను తాకగలదు.

ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉన్నది. ఆకాశం నిర్మలంగా ఉన్న శీతరాత్రులలో చల్లగాలి బరువెక్కి లోయ అడుగుకు జారి నిలుస్తుంది. అప్పుడు పైనున్న వాలు కంటె లోయయే ఎక్కువ చల్లగా ఉండవచ్చును. విక్షోభం వచ్చి, గాలి కలగలిసిన రోజులలోనే ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది.

నీరెంత? మంచెంత?

గణనయంత్రాలు మొదట లెక్కకట్టేది మంచును కాదు, నీటిని. మేఘం నుండి ఇన్ని మిల్లీమీటర్ల నీరు దిగుతుందని అవి చెబుతాయి. ఆ నీరు ఎంత మందం మంచు అవుతుందన్నది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. సాధారణంగా ఒక సెంటీమీటరు నీరు పది సెంటీమీటర్ల మంచు అవుతుందని లెక్క. సున్నా దగ్గరి తడి మంచైతే అయిదారు సెంటీమీటర్లకు మించదు. బాగా చల్లని పొడి మంచైతే పదిహేను, ఇరువది సెంటీమీటర్లు కూడ కావచ్చును. పేలాలు పొంగినట్లు అదే గింజ ఎక్కువ చోటు ఆక్రమిస్తుందన్నమాట.

ఇందుకు కారణం మంచురేకుల ఆకారంలో ఉన్నది. జపాను శాస్త్రజ్ఞుడు ఉకిచిరో నకాయా 1936లో ప్రయోగశాలలో కృత్రిమ మంచురేకును తొలిసారిగా సృష్టించి, ఉష్ణోగ్రత, తేమ మారిన కొద్దీ రేకు ఆకారం మారుతుందని నిరూపించాడు. సున్నాకు 5 డిగ్రీల దిగువన సూదులు, స్తంభాల వంటి స్ఫటికాలు ఏర్పడతాయి. 15 డిగ్రీల దిగువన చెట్టుకొమ్మల వలె శాఖలు సాచిన నక్షత్రాలు ఏర్పడతాయి. ఆ శాఖల నడుమ గాలి నిండి మంచు తేలికగా, మందంగా పేరుకొంటుంది. స్కీ క్రీడాకారులు ప్రాణప్రదంగా కోరే ‘పౌడర్’ ఇదే.

పై ఉదాహరణలో మేఘం 25 మిల్లీమీటర్ల నీటిని తెచ్చినదనుకొందాము. గుల్‌మర్గ్‌లో ఒకటికి పది చొప్పున 25 సెంటీమీటర్లు. కోంగ్‌డూరిలో ఒకటికి పన్నెండు చొప్పున 30. అఫర్‌వట్ మీద ఒకటికి పదిహేను చొప్పున 37 సెంటీమీటర్లకు పైన. కొండ గాలిని ఎత్తడం వలన పైన అదనంగా పడేది వేరు. “గుల్‌మర్గ్‌లో ఎంత మంచు?” అన్న ప్రశ్నకు ఒకే సంఖ్య సమాధానం కాజాలదని దీనివలన తేలుతున్నది. ఏ ఎత్తున అన్నది చెప్పని సంఖ్య సగం సంఖ్యయే.

సూచనను ఎంతవరకు నమ్మవచ్చును?

1875లో స్థాపించబడిన భారత వాతావరణ శాఖకు శ్రీనగర్‌లో ఒక కేంద్రమున్నది. ఉపగ్రహ చిత్రాలు, రాడార్లు, బెలూన్లు, భూమి మీది పరికరాలు అందించే కొలతలను గణనయంత్రాలకు ఇచ్చి, భౌతికశాస్త్ర సమీకరణాల ద్వారా రాబోయే దినాల వాతావరణాన్ని లెక్కకడతారు. ఆ లెక్క కోసం భూమిని చదరంగపు బల్ల వలె గడులుగా విభజిస్తారు. యూరప్ దేశాలు కలిసి 1975లో ఏర్పరచుకొన్న మధ్యకాలిక వాతావరణ సూచనా కేంద్రం వారి గడి సుమారు 9 కిలోమీటర్లు. 2025 మే నెలలో మన దేశం ప్రారంభించిన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ గడి 6 కిలోమీటర్లు. ఇది గొప్ప పురోగతియే. అయినను కొండకు ఇది చాలదు. టంగ్‌మర్గ్, గుల్‌మర్గ్, అఫర్‌వట్‌లు ఇటువంటి ఒకటి రెండు గడులలో ఇమిడిపోతాయి. యంత్రం ఆ గడికి ఒకే సగటు ఎత్తును ఊహించుకొంటుంది. శిఖరం కొంత చదునవుతుంది, లోయ కొంత పూడిపోతుంది. ఆ సగటు కొండ మీద కురిసిన మంచును నిజమైన కొండకు అన్వయించే పని మనిషిది. అనుభవజ్ఞుడైన స్థానికుడి మాటకు గణనయంత్రాల యుగంలో కూడ విలువ తగ్గకపోవడానికి కారణమిదే.

రెండవ పరిమితి కాలానికి సంబంధించినది. ఆరంభ కొలతలలోని అతి స్వల్పమైన దోషం కూడ రోజులు గడిచిన కొద్దీ పెరిగి పెద్దదవుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపించాడు. అందువలన నేడు ఒక్క లెక్కతో తృప్తిపడక, ఆరంభ విలువలను కొద్దికొద్దిగా మార్చి యాభై పర్యాయములు లెక్కిస్తారు. యాభైలో ముప్పది అయిదు లెక్కలు 20 సెంటీమీటర్లకు మించిన మంచును చూపితే, ఆ అవకాశం నూటికి డెబ్బది పాళ్ళు అంటారు. మిగిలిన ముప్పది పాళ్ళు అబద్ధం కాదు. అది మన అజ్ఞానం ఎంతో నిజాయితీగా చెప్పిన కొలత. రెండు మూడు దినాల సూచనను చాలవరకు విశ్వసించవచ్చును. వారం దినాల సూచనతో దిశను మాత్రమే గ్రహించాలి. పది దినాలు దాటిన తరువాత ఫలానా రోజున ఇన్ని సెంటీమీటర్లని చెప్పే సంఖ్యను చూసి ప్రయాణపు టిక్కెట్టు కొనరాదు.

ఆకాశం ఒక ప్రశ్న, వాలు మరొక ప్రశ్న

ఇంతవరకు మనం పైనుండి పడేదాని గురించి చెప్పుకొన్నాము. ఇక అది దేనిమీద పడుతుందన్న ప్రశ్న. ఈ ప్రశ్న కొరకు మన దేశంలో మరొక సంస్థ ఉన్నది. 1969లో మనాలిలో హిమ, మంచుచరియల అధ్యయన సంస్థగా మొదలై, 2020లో రక్షణ పరిశోధన సంస్థలోని మరొక ప్రయోగశాలతో విలీనమై, నేడు చండీగఢ్ కేంద్రంగా పనిచేస్తున్న డి.జి.ఆర్.ఇ. అన్న ఈ సంస్థ, పర్వత ప్రాంతాలకు మంచుచరియల హెచ్చరికలను ఇస్తుంది. ఆకాశాన్ని చదివేవారు వేరు, వాలును చదివేవారు వేరు. ఒకరి మాట విని రెండవవారి మాట వినకపోవడం సగం పాఠం చదివి పరీక్షకు కూర్చోవడమే.

కొండమీది మంచు ఒకే ముద్ద కాదు. ఒక్కొక్క విక్షోభం ఒక్కొక్క పొరను పరచి వెళ్తుంది. కావున అది పుటలు పుటలుగా ఉన్న గ్రంథం వంటిది. పుటల మధ్య అతుకు గట్టిగా ఉన్నంత వరకు భయం లేదు. శీతకాలపు ఆరంభంలో కొద్దిగా మంచు పడి, తరువాత రెండు మూడు వారాలు ఆకాశం నిర్మలంగా ఉంటే ఏమి జరుగుతుందో చూడండి. పలుచని మంచు పొరకు అడుగున నేల వెచ్చదనం, పైన కఠినమైన చలి. ఆ తేడా వలన అడుగునుండి ఆవిరి పైకి ప్రయాణించి, రేకులను చక్కెర పలుకుల వంటి స్ఫటికాలుగా మారుస్తుంది. చక్కెర పలుకులు ఒకదానినొకటి పట్టుకొనవు. ఆ బలహీనమైన పొర మీద ఒక్కసారిగా అర మీటరు కొత్త మంచు పడినప్పుడు, ఇసుక మీద కట్టిన గోడ వలె ఆ భారమంతా జారడానికి సిద్ధంగా ఉంటుంది. సాధారణంగా 30 నుండి 45 డిగ్రీల వాలులలో ఈ ప్రమాదం మిక్కుటం. స్కీ క్రీడకు అందమైన వాలులు కూడ అవే!

దీనికి గాలి తోడవుతుంది. శిఖరం మీది గాలి ఒక వైపు మంచును ఊడ్చి మరొక వైపు పోగుచేస్తుంది. సూచనలో 30 సెంటీమీటర్లని ఉండవచ్చును. గాలిచాటు వాలులో ఒక మీటరు ఉండవచ్చును. ఒక దినంలో 30 సెంటీమీటర్లకు మించి కురిసిందన్నా, దానితో బలమైన గాలి వీచిందన్నా, ఆ వార్తను ఆహ్వానపత్రిక వలె కాక హెచ్చరిక వలె చదవాలి.

ఇది పుస్తకాలలోని ఊహ కాదు. 2010 ఫిబ్రవరి 8న గుల్‌మర్గ్‌కు పైనున్న ఖిలన్‌మర్గ్‌లో మంచుచరియ విరిగిపడి, శిక్షణలో ఉన్న పదిహేడు మంది సైనికులు మరణించారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్‌వట్ వాలులలో ఇద్దరు పోలండు దేశస్థులు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యా దేశస్థుడు ఇదే విధంగా ప్రాణాలు కోల్పోయారు. ఈ చివరి రెండు ఘటనలకు ముందు దినాలలో మంచు విస్తారంగా కురిసింది. తుఫాను వెలిసి, ఆకాశం నీలంగా మెరిసి, వాలంతా అడుగుజాడ లేని తెల్లని తివాచీ వలె కనిపించే మొదటి ఉదయమే మనిషిని ఎక్కువగా పిలిచే ఉదయం. ప్రమాదం మిక్కిలి ఎక్కువగా ఉండేదీ ఆ ఉదయమే.

మంచుచరియల ప్రమాదాన్ని ఒకటి నుండి అయిదు వరకు అంకెలతో తెలుపుతారు. మూడు అనగానే మధ్యస్థమని తలచి ధైర్యం చేయడం సామాన్యంగా జరిగే పొరపాటు. అయిదవ స్థాయిలో ఎవరూ కొండ ఎక్కరు. మూడవ స్థాయిలో అందరూ ఎక్కుతారు. యూరపు కొండలలో ప్రాణనష్టంలో పెద్ద భాగం ఈ మూడవ స్థాయిలోనే జరుగుతున్నది. పూడుకుపోయిన వారిని పదిహేను నిమిషాల లోపల వెలికితీయగలిగితే చాలమంది బ్రతుకుతారు. ఆ తరువాత ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. అందుకే వాలుల మీదికి పోయేవారు సంకేతయంత్రం, పార, పొడుగు చువ్వ వెంట ఉంచుకోవాలనీ, ఒంటరిగా పోరాదనీ, గస్తీ సిబ్బంది మూసిన వాలులోనికి అడుగుపెట్టరాదనీ నియమం.

మంచు రాని శీతకాలం

మంచు ఎక్కువైతే వచ్చే కష్టం చూశాము. రాకపోతే వచ్చే కష్టం దీర్ఘమైనది. 2024 జనవరిలో చిల్లై కలాన్ చాలవరకు పొడిగా గడిచింది. తెల్లగా ఉండవలసిన గుల్‌మర్గ్ మైదానం ఎండుగడ్డితో గోధుమరంగున కనిపించింది. నెలాఖరుకు గాని మంచు రాలేదు. ఫిబ్రవరిలో వచ్చినది విపరీతంగా వచ్చి, ఖేలో ఇండియా శీతకాల క్రీడలు జరుగుతున్న వారంలోనే పైన చెప్పిన మంచుచరియ విరిగిపడింది. ఒకే శీతకాలంలో కరువూ, వరదా! మరుసటి ఏడు 2025లో, ఫిబ్రవరి 22 నుండి జరుగవలసిన అవే క్రీడలు చాలినంత మంచు లేక వాయిదాపడి, మార్చి 9 నుండి 12 వరకు జరిగాయి.

క్రీడ వాయిదా పడితే మళ్ళీ పెట్టుకొనవచ్చును. స్లెడ్జి బండిపై యాత్రికులను లాగి దినభత్యం సంపాదించే కూలికి, గుర్రం నడిపేవానికి, స్కీ నేర్పే గురువుకు, చిన్న హోటలు నడిపే కుటుంబానికి వాయిదా లేదు. వారి సంవత్సరపు సంపాదనలో పెద్ద పాలు ఆ రెండు నెలలలో రావలసినదే. వారికి హిమపాత సూచన వినోదవార్త కాదు. మన రైతుకు తొలకరి కబురు ఎటువంటిదో అటువంటిది.

అంతకన్న లోతైన విషయం నీరు. గట్టిపడిన మంచు ఒక మీటరు మందం ఉంటే, దానిలో సుమారు 300 మిల్లీమీటర్ల నీరు దాగి ఉంటుంది. చదరపు మీటరుకు 300 లీటర్లు, ఎకరానికి సుమారు పన్నెండు లక్షల లీటర్లు. ఆనకట్ట లేకుండ, సిమెంటు లేకుండ, ప్రకృతి కొండమీద కట్టిన చెరువు అది. అఫర్‌వట్ మంచు కరగిన నీరు నింగల్ నాలాగా దిగి, సోపోర్ ప్రాంతంలో జీలం నదిలో కలుస్తుంది. వేసవిలో వరిమళ్ళకు, ఆపిల్ తోటలకు, ఊళ్ళ దాహానికి ఆ నీరే ఆధారం. ఆపిల్ చెట్టుకు శీతకాలపు చలి కూడ అవసరమే; చలిలో తగినన్ని గంటలు నిద్రించనిదే అది వసంతంలో చక్కగా పూయదు. అయితే ఆ మంచు వేళ తప్పి రాకూడదు. 2019 నవంబరులో ఆకులు ఇంకా రాలకముందే కురిసిన తడి మంచు బరువుకు కాశ్మీరు తోటలలో ఎన్నో చెట్లు కొమ్మలు విరిగి నేలకొరిగాయి.

భూమి వేడెక్కుతున్న ఫలితం ఈ కొండమీద ఎలా ఉంటుందో మన ఎత్తు లెక్కతోనే తెలుసుకొనవచ్చును. మొదటి ఉదాహరణలో శ్రీనగర్ ఉష్ణోగ్రత 5కు బదులు 8 డిగ్రీలనుకొనండి. మేఘం అదే, నీరు అంతే. కాని ఇప్పుడు టంగ్‌మర్గ్‌లో 4 డిగ్రీలు, అక్కడ పడేది వాన. గుల్‌మర్గ్‌లో 1 డిగ్రీ. 25 సెంటీమీటర్ల మంచి మంచు స్థానంలో పన్నెండు పదమూడు సెంటీమీటర్ల తడి ముద్ద. మూడు డిగ్రీల తేడాకు పండుగ పైకొండకు వలసపోయింది! ఆ వాన నీరు చెరువుగా నిలువక అప్పుడే కొట్టుకుపోతుంది. ఉష్ణోగ్రత సున్నాకు దరిదాపుల ఉన్న ప్రదేశాలలో స్వల్పమైన మార్పుకు కూడ ఫలితం స్వల్పంగా ఉండదు.

ఉపసంహారము

హిమపాత సూచన చేతికి వచ్చినప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు అయిదు. ఏ ఎత్తుకు చెప్పినది? ఆ ఎత్తున ఉష్ణోగ్రత ఎంత? గాలి ఎటు, ఎంత? ఎన్ని రోజుల ముందు చెప్పినది, ఎన్ని పాళ్ళ నమ్మకంతో? పాత మంచు ఏ స్థితిలో ఉన్నది? మొదటి నాలుగింటికి సమాధానం ఆకాశం నుండి వస్తుంది. అయిదవదానికి సమాధానం నేల నుండి రావాలి. నాలుగు తెలిసి అయిదవది తెలియనివాడు కొండ దిగువననే ఆగడం వివేకం.

మన ఊళ్ళలో మంచు కురవదు. అయినను ఈ పాఠం మనకు పనికిరానిది కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న ప్రతిసారీ మనం వినేది ఇటువంటి సూచననే. “ఇంత వాన పడుతుంది” అన్న మాట విని, చెరువు కట్ట ఏ స్థితిలో ఉన్నదో విచారించనివాడూ, “ఇంత మంచు కురుస్తుంది” అన్న మాట విని వాలును విచారించనివాడూ ఒక్కటే పొరపాటు చేస్తున్నారు. సూచన శాస్త్రజ్ఞుడు ఇవ్వగలడు. నిర్ణయం మాత్రం చదివినవాడే చేయాలి. ఆ నిర్ణయం చేయగల మనిషిని తీర్చిదిద్దడమే చదువు చేయవలసిన పని.